భద్రాచలంలో నెలకు రెండు ఆదివారాలు

చింతూరు మా అమ్మ పుట్టిల్లు. చిన్నప్పుడు ఖమ్మం నుంచి అక్కడికి వెళ్లడమంటే జిల్లా దాటని ప్రయాణం. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపాక అదే ఊరు వేరే రాష్ట్రమైపోయింది. ఆ గీత వచ్చి నా బతుక్కే అడ్డం పడుతుందనుకోలేదు.

విడాకులయ్యేనాటికి పాపకు ఆరేళ్లు. కస్టడీ నాకిచ్చారు, నెలకు రెండు ఆదివారాలు తండ్రి దగ్గరకు పంపాలన్నారు. ఖమ్మంలో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. 2022లో చింతూరులో నర్సు ఉద్యోగం దొరికింది. అద్దె లేని అమ్మమ్మగారిల్లు, నేను డ్యూటీకి వెళితే పాపను చూసుకోవడానికి అత్తయ్య. ఇంకేం, సామాను సర్దడం మొదలెట్టాను.

"కస్టడీ నాదే కదా, ఎవర్నడగాలి?" అన్నాను. న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన లాయరమ్మ కోప్పడింది. (1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లెవరికైనా ఉచితంగా లాయరునిస్తారు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు!)

"చెప్పకుండా తీసుకెళితే ఆదివారాలు ఎగ్గొట్టడానికే పారిపోయావంటాడు. నువ్వే ముందు అడుగు" అంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, విడాకుల తర్వాత కూడా పిల్లల గురించిన ఉత్తర్వు మార్చమని కోర్టును అడగొచ్చట. కోర్టు గార్డియన్‌గా నియమించినవాళ్లయితే 1890 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పిల్లల్ని ఆ కోర్టు పరిధి దాటించకూడదు. అడిగే తీరాలి.

ఆయన కౌంటరులో అడవి, మలేరియా, నక్సలైట్లు, పక్కనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అంటూ రాయించాడు. చదివి ఒళ్లు మండిపోయింది. కానీ మలేరియా మాట అబద్ధమని ఎలా అనను? నర్సును, నాకే బాగా తెలుసు. అందుకే బుకాయించకుండా, ఇల్లు ఎక్కడుంది, బడి ఎంత దూరం, జ్వరమొస్తే ఎక్కడ చూపిస్తాను, అన్నీ రాసిచ్చాను. జడ్జిగారు పాపను లోపలికి పిలిచి ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని మాట్లాడారు. ఆ పావుగంట బయట నా కాళ్లు నిలవలేదు.

అనుమతి వచ్చింది. కలుసుకునే చోటు భద్రాచలం. సరిగ్గా సగం దూరమేమీ కాదు, ఆయనకే ఎక్కువ. కానీ ఇద్దరికీ బస్సు దొరుకుతుంది. వేసవి సెలవుల్లో సగం తండ్రి దగ్గర.

చింతూరు వెళ్లాక బడిలో ఇంకో పేచీ. టీసీ వచ్చేదాకా చేర్చుకోమన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించాను. ఎనిమిదో తరగతి దాకా, వేరే రాష్ట్రం నుంచి వచ్చినా సరే, టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో ప్రవేశం ఆపకూడదు. చేర్చుకున్నారు.

అంతా కుదురుకుంటోందనగా ఆ జూలైలోనే గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకొచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, చింతూరులోకి శబరి వెనక్కి తన్నింది. కరెంటు లేదు, ఫోను లేదు. ఆ ఆదివారం పాపను తీసుకెళ్లలేకపోయాను. కావాలనే ఎగ్గొట్టానని కోర్టుకెళతాడేమోనని నీళ్లకంటే దానికే ఎక్కువ భయపడ్డాను. దారి తెరిచాక పాపతో మొదటి బస్సెక్కాను. ఆయన బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూసి ఏడ్చాడు.

నాతో ఇప్పటికీ మాట్లాడడు. సాయంత్రం పాపను అప్పగించేటప్పుడు మాత్రం సంచీలో ఓడోమాస్ ట్యూబు పెట్టి పంపిస్తాడు.