తడి కోరే లోహం

పాత ఇనుప బోరు పైపు పైకి లాగినప్పుడు అరచేతికి అంటే ఎర్రటి పొడి అచ్చంపేట రైతుకు బాగా తెలిసిందే. ఆ తుప్పు పొక్కులు కట్టి, పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడిన చోట నీళ్లు మళ్లీ లోపలికి దిగి, కొత్త ఇనుమును తింటాయి. ఇనుముకు తడి శత్రువు. టైటానియానికి మాత్రం తరచూ అదే రక్ష.

భీమునిపట్నం తీరంలో నల్ల ఇసుకను దోసిట్లోకి తీసుకుంటే, అందులో మెరిసే గింజల్లో ఇల్మెనైట్ ఉంటుంది. టైటానియం ముడి ఖనిజాల్లో ప్రధానమైనది అదే. 1973లో ఏర్పడిన హైదరాబాద్ మిధాని సంస్థ ఈ లోహంతో రాకెట్లకు, విమానాలకు కావలసిన మిశ్రమలోహాలు తయారుచేస్తోంది.

దేనితోనూ కలవని లోహం కాబట్టే చెడదని చాలామంది అనుకుంటారు. నిజం అందుకు పూర్తిగా తలకిందులు. టైటానియానికి ఆక్సిజన్ అంటే మహా ఆత్రం. గాలి తగలగానే ఒంటినిండా ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ పొర మందం తల వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు, కానీ ఇనుప తుప్పులా పెచ్చులూడదు. గీత పడినా, మీగడ తీసిన పాల మీద మళ్లీ మీగడ కట్టినట్టు, వెంటనే కొత్త పొర వస్తుంది. అందుకు ఆక్సిజన్ గాలి నుంచైనా రావాలి, నీటి నుంచైనా రావాలి. సముద్రపు ఉప్పునీరు, నైట్రిక్ ఆమ్లం దీన్ని ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే. ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా తీసే కర్మాగారాల్లో క్లోరిన్ పుట్టే చోట టైటానియం పలకలే నిలబడతాయి.

విచిత్రమేమిటంటే, అదే క్లోరిన్ పూర్తిగా పొడిగా ఉంటే టైటానియం అంటుకుని మండగలదు. కాస్త తేమ ఉంటే చాలు, నిశ్చింత. మిథనాల్‌తోనూ ఇదే తీరు. 1966లో అమెరికా చంద్రయాత్రల అపోలో నౌక కోసం చేసిన టైటానియం మిశ్రమలోహపు ట్యాంకు, మిథనాల్ నింపి ఒత్తిడి పరీక్ష చేస్తుండగా బద్దలైంది. ఆ మిథనాల్‌లో కొద్దిగా నీళ్లు కలిసి ఉంటే లోహం పగలకుండా తట్టుకునేది.

వేడి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం ఆ ఆక్సైడ్ పొరను కరిగించేస్తుంది. కొద్దిపాటి పల్లాడియం కలిపితే, ఆ ఆమ్లం పలుచగా ఉన్నప్పుడు లోహం చాలావరకు నిలదొక్కుకుంటుంది.

ఫ్లోరైడ్ సంగతి వేరు. పల్నాటికి పొరుగున దర్శి, పొదిలి ప్రాంతాల్లో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. ఆ నీటిలోని పాళ్లు మనిషి ఎముకకు ప్రమాదమే కానీ, టైటానియానికి కాదు. దాన్ని దెబ్బతీసేది ఫ్లోరైడ్, ఆమ్లం కలిసినప్పుడే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమైతే పలుచగా ఉన్నా లోహాన్ని కరిగిస్తుంది. నోట్లో టైటానియం పన్ను పెట్టించుకున్నవారికి ఆమ్లగుణం ఉన్న ఫ్లోరైడ్ జెల్ వద్దని దంతవైద్యులు చెప్పేది అందుకే.