రేగడి పెరటికి ఇసుక వద్దు.. ఎరువే ముద్దు

కోవెలకుంట్ల (నంద్యాల జిల్లా): వాన కురిస్తే అడుగు తీసి అడుగు వేయలేనంత బంక. వేసవి వస్తే చేయి దూరేంత నెర్రెలు. నల్లరేగడి నేలల్లో ఇళ్లు కట్టుకున్న వారికి పెరటి తోట తీరని కోరికగానే మిగిలిపోతోంది. ఇదే మట్టి పొలంలో శనగను, జొన్నను పండిస్తుంటే, ఇంటి వెనుక నాలుగు వంగ మొక్కలు మాత్రం బతకడం లేదు. ఓపిక పట్టి నేలకు తగిన మేత వేస్తే రెండు మూడేళ్లలో ఆ పెరడే ఇంటికి సరిపడా కూరగాయలు ఇస్తుంది.

ఎందుకు గట్టిపడుతుంది?

రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. దాని రేణువులు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నవి. ఈ బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. రేణువుల నడుమ ఖాళీలు అతి సన్ననివి కావడంతో నీరు త్వరగా కిందికి దిగదు, వేళ్లకు గాలి అందదు. వాన నీరు నిలిచిన కొద్ది రోజులకే మిరప, టమాట మొక్కలు వాడిపోవడానికి ఇదే కారణం. దీనికి తోడు ఇల్లు కట్టే సమయంలో ట్రాక్టర్లు తిరిగి పెరడంతా రోడ్డులా అణిగిపోతుంది. అయితే తేమను, పోషకాలను పట్టి ఉంచడంలో రేగడికి సాటి లేదు. వానలు వెనుదిరిగాక నేలలో మిగిలిన తేమతోనే శనగ పండుతున్నది అందువల్లనే.

ఇసుకతో చేటు

గట్టి నేల అనగానే చాలామంది ట్రాక్టరు ఇసుక తోలిస్తారు. ఈ పొరపాటు ఈ విలేకరి ఇంటి పెరటిలోనూ జరిగింది. ఇసుక కలిపిన మడి మరుసటి వేసవికి గడ్డపారకు కూడా లొంగలేదు. మట్టి గుణం మారాలంటే మొత్తం పరిమాణంలో సగానికి పైగా ఇసుకే ఉండాలి. అంతకు తగ్గితే ఇసుక రేణువుల సందులను బంకమన్ను పూడ్చివేసి, నేల మరింత బిగుసుకుంటుంది. ఇసుక ఖర్చులో కొంత భాగంతోనే పశువుల ఎరువు సమకూర్చుకోవచ్చు.

పదును చూసి పని

తడి రేగడిని తవ్వితే పెళ్లలు కట్టి, ఆరిన తర్వాత రాళ్లవుతాయి. నాలుగు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేయాలి. బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్లు. సాగి అంటుకుంటే మరికొన్ని రోజులు ఆగాలి. మురుగు నీరు పోయే తీరును కూడా ముందే పరీక్షించుకోవాలి. అడుగు లోతు గుంత తీసి నీరు నింపి, అది ఇంకాక మళ్లీ నింపాలి. మరునాటికీ నీరు నిలిచే ఉంటే ఎత్తు మడులు తప్పనిసరి.

మేత ఇలా వేయాలి

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న స్థలంలో బాగా చివికిన పశువుల ఎరువును గానీ, కంపోస్టును గానీ రెండు అంగుళాల మందాన పరచాలి. ఇందుకు సుమారు 17 ఘనపుటడుగుల ఎరువు కావాలి. దీనిని పై అర అడుగు మట్టిలో కలపాలి. పచ్చి పేడ వేయరాదు, దానితో కలుపు విత్తనాలు, వేరుపురుగులు వస్తాయి. చివికిన ఎరువు బంకమన్ను రేణువులను చిన్న చిన్న గుళికలుగా కూర్చుతుంది. ఆ గుళికల నడుమ నుంచే నీరు, గాలి ఆడతాయి. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది కనుక ఏటా ఒక అంగుళం మందాన ఎరువు చేర్చుతూనే ఉండాలి.

తొలకరికి జీలుగ గానీ, జనుము గానీ చల్లుకుంటే మరీ మేలు. ఈ స్థలానికి రెండు గుప్పెళ్ల విత్తనాలు చాలు. 45 రోజులకు, పూత దశలో కోసి మట్టిలో కలిపి, రెండు మూడు వారాలు కుళ్లనిచ్చి ఆ తర్వాత నారు నాటుకోవాలి.

మడిలో అడుగు పెట్టరాదు

మడులను మూడు అడుగుల వెడల్పు, అర అడుగు నుంచి అడుగు ఎత్తు ఉండేలా చేసుకోవాలి. రెండు వైపుల నుంచి చేయి అందుతుంది కనుక మడి తొక్కే అవసరం రాదు. మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి, వేరుశెనగ పొట్టు, రాలిన ఆకులు పరిస్తే నెర్రెలు తగ్గుతాయి, వానపాములు చేరతాయి. మొదటి ఏడాది వంగ, బెండ, గోరుచిక్కుడు వేసుకోవడం శ్రేయస్కరం. ముల్లంగి, క్యారెట్ వంటి దుంపలు గట్టి నేలలో వంకరలు పోతాయి.

లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుప ధాతు లోపంగా గుర్తించాలి. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

పరీక్ష లేకుండా జిప్సం వద్దు

జిప్సం అన్ని రేగడి నేలలకూ మందు కాదు. సోడియం అధికంగా ఉన్న చౌడు నేలలకే అది పనిచేస్తుంది. మన రేగడిలో సున్నం సహజంగానే ఉంటుంది కనుక విడిగా సున్నం వేయనవసరం లేదు. ముందుగా భూసార పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. పెరటిలో నాలుగైదు చోట్ల అర అడుగు లోతు నుంచి మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో పంపితే సరిపోతుంది. ఎక్కడ ఇవ్వాలో సమీప వ్యవసాయ అధికారిని గానీ, బనగానపల్లె మండలం యాగంటిపల్లెలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగి తెలుసుకోవచ్చు.