ప్రోటీన్ల పట్టు తెలిస్తేనే మందుకు దారి

శరీరంలోని ప్రోటీన్లు చాలావరకు ఒంటరిగా పనిచేయవు. ఒకదానినొకటి పట్టుకొని, విడిచి కణం బతకాలో చావాలో కూడా అవే నిర్ణయిస్తాయి. ఆ పట్టు అదుపు తప్పితే రోగం. పట్టు ఎక్కడుందో తెలిస్తే దానిని విడిపించే మందును వెతకవచ్చు. ఆ చోట్లను నమోదు చేసిపెట్టేవే ప్రోటీన్ల కలయిక స్థానాల డేటాబేస్‌లు.

వీటికి ఆధారం ప్రోటీన్ డేటా బ్యాంకు. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో 7 నిర్మాణాలతో మొదలైన ఈ నిధిలో నేడు 2 లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి. రుసుమేమీ లేదు. ఇంటర్నెట్ ఉంటే జిల్లా కళాశాల విద్యార్థి కూడా వాటిని తెరిచి చూడవచ్చు.

అయితే నిర్మాణం కంటపడినంత మాత్రాన మందు దొరకదు. ఎంజైములలో సాధారణంగా మందు అణువు ఇమిడే గుంట ఉంటుంది. రెండు ప్రోటీన్లు ఆనుకునే తలం మాత్రం తరచుగా విశాలంగా, దాదాపు చదునుగా ఉంటుంది. చిన్న అణువు అక్కడ నిలవలేదన్న అభిప్రాయంతో ఔషధ పరిశోధకులు చాలాకాలం అటువైపు పెద్దగా మొగ్గలేదు.

1995లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు క్లాక్సన్, వెల్స్ మానవ వృద్ధి హార్మోను, దాని గ్రాహకం కలిసే చోటును పరీక్షించారు. గ్రాహకంలో హార్మోనుకు ఆనుకొనే సుమారు 30 అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా మార్చి, వాటి స్థానంలో అలనిన్ అనే చిన్న ఆమ్లాన్ని ఉంచి, పట్టు ఎంత సడలిందో కొలిచారు. బంధశక్తిలో ముప్పాతికకు పైగా మధ్యనున్న చిన్న ప్రదేశానిదేనని తేలింది. అందులోనూ రెండు ట్రిప్టోఫాన్‌లదే ప్రధాన పాత్ర. తలుపు ఎంత పెద్దదైనా మోసేవి బందులే కదా! ఇలాంటి చోట్లనే ‘హాట్ స్పాట్’లంటారు. 1998లో బోగన్, థార్న్ ఇటువంటి 2,325 మార్పుల ఫలితాలను ఒకచోట చేర్చారు. ఆ తరువాత ఫ్రాన్స్‌లో రూపొందిన టూపీటూఐ డేటాబేస్, చిన్న అణువులు విడదీయగలిగిన ప్రోటీన్ జంటలను ప్రత్యేకంగా పొందుపరిచింది.

ఒక్క ఆమ్లం తేడా

ఈ సమాచారం రోగికి ఎలా ఉపయోగపడుతుందో బీసీఎల్-2 చెబుతుంది. కణాన్ని మరణం వైపు నడిపే ప్రోటీన్లను ఇది పట్టి ఉంచుతుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో దీని మోతాదు పెరిగి, చావాల్సిన కణాలు చావవు. దీనిని అడ్డుకునేందుకు తొలుత వచ్చిన నావిటోక్లాక్స్, బీసీఎల్-ఎక్స్ఎల్ అనే సోదర ప్రోటీనునూ అడ్డుకుంది. ప్లేట్‌లెట్లు బతికేది దానిపైనే. ఫలితంగా రోగులలో ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోయింది. అది ఎంత ప్రమాదమో డెంగీ చూసిన జిల్లాలకు చెప్పనక్కరలేదు.

రెండు ప్రోటీన్లలో మందు కూర్చునే గాడి ఇంచుమించు ఒకటే. ఒకచోట మాత్రం బీసీఎల్-2లో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే, సోదర ప్రోటీనులో గ్లుటామిక్ ఆమ్లం ఉంది. స్ఫటిక చిత్రాల సాయంతో ఆ తేడాను పట్టుకొని అణువును తిరిగి మలిచారు. 2013లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. అదే వెనెటోక్లాక్స్. ఒక తరహా దీర్ఘకాలిక లుకేమియా రోగులకు దీనిని వాడేందుకు 2016 ఏప్రిల్‌లో అమెరికా అనుమతించింది.