బడ్జెట్ గేమింగ్ కంప్యూటరుకు ప్రాసెసరు ఎంపిక

తక్కువ ఖర్చుతో, ముఖ్యంగా వీడియో ఆటలు ఆడుకోవడం కోసం కూర్చుకునే కంప్యూటరును బడ్జెట్ గేమింగ్ కంప్యూటరు అంటారు. విడిభాగాలను ఒక్కొక్కటిగా కొని జతచేసిన యంత్రానికి అసెంబుల్డ్ కంప్యూటరు అనే పేరు వాడుకలో ఉంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు, మెమొరీ, ఎస్‌ఎస్‌డీ, విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్, వీటన్నిటినీ ఇముడ్చుకునే క్యాబినెట్ దీనిలోని ముఖ్య భాగాలు. వీటిలో ప్రాసెసరును ముందుగా నిర్ణయించుకోవడం ఆనవాయితీ. ఎందుకనగా ఏ మదర్‌బోర్డు కొనవలెనో, ఏ తరం మెమొరీ సరిపడునో దానిని బట్టియే తేలుతుంది.

పరిమితమైన సొమ్ముతో కొనేవారికి ప్రాసెసరు విషయంలో రెండు విధాలుగా నష్టం కలుగవచ్చును. మరీ బలహీనమైనది కొంటే గ్రాఫిక్స్ కార్డు తన శక్తి మేరకు పనిచేయలేదు. అవసరాన్ని మించినది కొంటే మంచి గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు మిగలదు. కనుక అన్నిటికంటె వేగవంతమైన ప్రాసెసరు కాక, కొనబోయే గ్రాఫిక్స్ కార్డుకు అడ్డుపడనిదీ, కొన్నేళ్లపాటు చాలునదీ ఈ కంప్యూటరుకు తగిన ప్రాసెసరు అవుతుంది.

ఆటలో ప్రాసెసరు చేసే పని

తెరపై కదిలే ఆట వాస్తవానికి వరుసగా వచ్చే నిశ్చల చిత్రాల సముదాయం. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. సెకనుకు 144 ఫ్రేములు చూపే మానిటరుకైతే ఆ వ్యవధి 6.9 మిల్లీసెకన్లు మాత్రమే.

ఈ స్వల్ప వ్యవధిలో పాత్రల కదలికలు, వస్తువులు ఢీకొనే తీరు, ప్రత్యర్థి పాత్రల నిర్ణయాలు, ఆటగాడు నొక్కిన మీటల ఫలితం మొదలైనవాటిని ప్రాసెసరు లెక్కిస్తుంది. తరువాత ఏ వస్తువును ఎక్కడ గీయవలెనో గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపుతుంది. చిత్రాన్ని గీసి రంగులు నింపే పని గ్రాఫిక్స్ కార్డుది.

ఇల్లు కట్టే చోట తాపీమేస్త్రికి ఇటుకలు, సిమెంటు మాలు అందించే కూలీని దీనికి పోలికగా చెప్పవచ్చును. కూలీ ఆలస్యం చేస్తే మేస్త్రి ఎంత నేర్పరి అయినా చేతులు ముడుచుకొని నిలబడవలసిందే. మేస్త్రి పని నెమ్మదిగా సాగుతుంటే మరింత చురుకైన కూలీని పెట్టినా గోడ త్వరగా లేవదు. ఇక్కడ కూలీ స్థానం ప్రాసెసరుది, మేస్త్రి స్థానం గ్రాఫిక్స్ కార్డుది.

ఉన్న కంప్యూటరులో ఈ రెండింటిలో ఏది వెనుకబడుతున్నదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష కలదు. ఆట సెట్టింగులలో రిజల్యూషను తగ్గించి చూడాలి. ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే అంతవరకు అడ్డుపడినది గ్రాఫిక్స్ కార్డు. దాదాపు పెరగకపోతే చాలావరకు ప్రాసెసరే కారణం. రిజల్యూషను తగ్గితే గీసే పని తగ్గుతుంది గాని లెక్కించే పని తగ్గదు.

కోర్లు, వేగం, క్యాషె మెమొరీ

ప్రాసెసరు పెట్టెపై కనిపించే అంకెలలో మూడు ముఖ్యమైనవి.

కోర్లు: ఒకే చిప్పులో విడివిడిగా పనిచేయగల లెక్కింపు విభాగాలను కోర్లు అంటారు. ఒక కోరు ఏకకాలంలో రెండు పనుల వరుసలను నడపగలిగితే ఆ వరుసలను థ్రెడ్లు అంటారు. 6 కోర్లు, 12 థ్రెడ్లు అంటే అర్థం ఇదే.

గడియారపు వేగం: దీనిని గిగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు. అయితే ఒక్కొక్క గడియారపు స్పందనలో జరిగే పని అన్ని ప్రాసెసర్లలో సమానం కాదు. తరం మారినకొద్దీ అది సాధారణంగా పెరుగుతూ వచ్చింది. కనుక వేర్వేరు తరాల ప్రాసెసర్లను గిగాహెర్ట్జ్‌ల ఆధారంగా పోల్చడం సరికాదు.

క్యాషె మెమొరీ: మాటిమాటికి అవసరమయ్యే సమాచారాన్ని దగ్గర ఉంచుకొనడానికి ప్రాసెసరులోనే ఉండే చిన్న, అతివేగమైన మెమొరీ ఇది. ఆటలలో దీని ప్రభావం ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ సంస్థ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ఇందుకు నిదర్శనం. అంతకు ముందున్న 5800ఎక్స్ కంటె దీని గడియారపు వేగం తక్కువే. అయినా మూడవ స్థాయి క్యాషెను 32 మెగాబైట్ల నుండి 96 మెగాబైట్లకు పెంచినందువలన అనేక ఆటలలో ఇది ముందు నిలిచింది.

తక్కువ ధర శ్రేణిలోనూ ఈ విషయం వర్తిస్తుంది. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్నాయి. కనీస గడియారపు వేగం మొదటిదానికి 3.6, రెండవదానికి 3.5 గిగాహెర్ట్జ్‌లు. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి మొదటిదే మేలని తోచవచ్చును. కాని 5600 గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్‌లు కాగా 5500 గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్‌లు. క్యాషె 5600లో 32 మెగాబైట్లు, 5500లో 16 మెగాబైట్లు. పైగా 5500 పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడవ తరానికే పరిమితం. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి, నాలుగు లేన్లు మాత్రమే గల గ్రాఫిక్స్ కార్డులు దానితో జతపడినప్పుడు వేగం కోల్పోతాయి.

చరిత్ర చెప్పే పాఠాలు

చవక ప్రాసెసర్ల చరిత్రలో కొన్ని ఘట్టాలు నేటి కొనుగోలుదారులకు కూడా ఉపకరిస్తాయి.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ సంస్థ రెండవ స్థాయి క్యాషె లేని సెలెరాన్ ప్రాసెసరును విడుదల చేసింది. అది మందకొడిగా ఉన్నదనే విమర్శలు వచ్చాయి. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన సెలెరాన్ 300ఏ చిప్పులోనే 128 కిలోబైట్ల క్యాషెను అమర్చారు. దాని బస్సు వేగాన్ని 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌లకు మార్చి, 300 మెగాహెర్ట్జ్‌ల ప్రాసెసరును 450 మెగాహెర్ట్జ్‌ల వద్ద నడిపినవారు ఎందరో ఉన్నారు. ఎన్నో రెట్లు ఖరీదైన పెంటియం 2తో అది పోటీపడగలిగింది. తక్కువ ధర, తక్కువ శక్తి ఒకటి కానక్కరలేదని ఆటగాళ్లకు తెలియజేసిన ప్రాసెసరు ఇది.

2012 అక్టోబరులో వచ్చిన ఏఎండీ ఎఫ్ఎక్స్-8350 కథ ఇందుకు విరుద్ధమైనది. దానికి 8 కోర్లు, 4 గిగాహెర్ట్జ్‌ల వేగం ఉన్నట్లు ప్రకటించారు. కాని రెండేసి కోర్లు ఒక జంటగా కొన్ని విభాగాలను పంచుకొనేవి. ఒక్కొక్క కోరు బలం తక్కువగా ఉన్నందున, 4 కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్‌లు గల ఇంటెల్ కోర్ ఐ5-3570కె ఆనాటి అధిక సంఖ్యాక ఆటలలో దానిని మించిపోయింది. ఈ శ్రేణి ప్రాసెసర్ల కోర్ల లెక్కపై అమెరికాలో దాఖలైన వ్యాజ్యంలో 2019లో ఏఎండీ 1.21 కోట్ల డాలర్లతో రాజీకి అంగీకరించింది.

అట్లని కోర్ల సంఖ్యకు విలువ లేదనుకోవడం కూడా పొరపాటే. 2014లో ఇంటెల్ విడుదల చేసిన పెంటియం జి3258కు 2 కోర్లు, 2 థ్రెడ్లు మాత్రమే ఉన్నాయి. వేగాన్ని పెంచుకునే వీలు ఉన్నందున అది పేరు గడించింది. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన ఫార్ క్రై 4 ఆట రెండు థ్రెడ్ల ప్రాసెసర్లపై విడుదల నాటికి అసలు ప్రారంభమే కాలేదు. కొన్న కొద్ది నెలలకే ఒక ప్రాసెసరు కొత్త ఆటకు పనికిరాకుండా పోవడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

2017 ఏప్రిల్‌లో రైజెన్ 5 1600 రాకతో తక్కువ ధర శ్రేణిలోకి 6 కోర్లు, 12 థ్రెడ్లు వచ్చాయి. ఆనాడు దానితో పోటీపడిన కోర్ ఐ5 ప్రాసెసర్లలో 4 కోర్లు, 4 థ్రెడ్లే ఉండేవి. ఆ సంవత్సరం అక్టోబరులో ఇంటెల్ సైతం ఐ5 శ్రేణిని 6 కోర్లకు పెంచింది.

పేర్లలోని అంతరార్థం

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలోని తరతమ భేదాలను మాత్రమే సూచిస్తాయి. ఐ7 అనే పేరు ఉన్నంత మాత్రాన ఐ3 కంటె మేలైనది కానక్కరలేదు. 2011 నాటి కోర్ ఐ7-2600, 2022 నాటి కోర్ ఐ3-12100 రెండింటికీ 4 కోర్లు, 8 థ్రెడ్లే. కాని వేగంలో ఐ3-12100 ఎంతో ముందున్నది.

సంఖ్య చివరి అక్షరాలను కూడా గమనించాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో "ఎఫ్" ఉంటే అందులో గ్రాఫిక్స్ విభాగం పనిచేయదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుంటే తెరపై ఏమీ కనిపించదు. "కె" ఉంటే వేగాన్ని పెంచుకునే వీలుంటుంది. అందుకు తగిన మదర్‌బోర్డు, కూలరు ఖరీదైనవి కనుక తక్కువ ఖర్చు కంప్యూటరుకు సాధారణంగా అది అవసరం లేదు. ఏఎండీ రైజెన్‌లో "జి" ఉంటే బలమైన గ్రాఫిక్స్ విభాగం కలిసి ఉన్నదని అర్థం.

సాకెట్టు, మదర్‌బోర్డు

ప్రాసెసరును మదర్‌బోర్డుపై అమర్చే స్థానాన్ని సాకెట్టు అంటారు. కొన్నేళ్ల తరువాత మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసరును మాత్రమే మార్చుకొనగలమా అన్నది దీనిపై ఆధారపడుతుంది. 2017లో ఏఎం4 సాకెట్టు గల బోర్డు కొన్నవారిలో చాలామంది, 2022లో అందిన బయాస్ నవీకరణతో రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్లను అదే బోర్డుపై వాడుకొనగలిగారు. 2017లోనే వచ్చిన ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసర్లకు మాత్రం, సాకెట్టు పేరు ఎల్‌జీఏ 1151 అయినప్పటికీ, కొత్త బోర్డు కొనవలసి వచ్చింది. కనుక సాకెట్టు పేరు చూసి ఊరుకొనక, బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల జాబితాను కూడా సరిచూడాలి.

ఏఎం4 బోర్డులు డీడీఆర్4 మెమొరీని, 2022లో వచ్చిన ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మెమొరీని తీసుకుంటాయి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి గాని ఒక్కొక్క బోర్డు ఒక్క రకాన్నే స్వీకరిస్తుంది. ఏఎం5 సాకెట్టును 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. 2025 చివరి నెలలలో మెమొరీ ధరలు విపరీతంగా పెరిగాయి. అందువలన ప్రాసెసరు, బోర్డు, మెమొరీ మూడింటి ధరలను కలిపి పోల్చిన తరువాతనే నిర్ణయానికి రావడం మంచిది.

తక్కువ ధర శ్రేణిలోని కొన్ని ప్రాసెసర్లు

కోర్ ఐ3-12100ఎఫ్ (2022): 4 కోర్లు, 8 థ్రెడ్లు, 12 మెగాబైట్ల క్యాషె. అతి తక్కువ సొమ్ము గలవారికి అనువైనది. ఎక్కువ కోర్లు కోరే ఆటలలో తడబడవచ్చును.

రైజెన్ 5 5600 (2022): 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 మెగాబైట్ల క్యాషె. పాత ఏఎం4 బోర్డు ఉన్నవారికి ప్రత్యేకించి లాభకరం.

కోర్ ఐ5-12400ఎఫ్ (2022): 6 కోర్లు, 12 థ్రెడ్లు, 18 మెగాబైట్ల క్యాషె. డీడీఆర్4, డీడీఆర్5లలో ఏదైనా వాడుకోవచ్చును.

రైజెన్ 5 7600 (2023): 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 మెగాబైట్ల క్యాషె, ఏఎం5 సాకెట్టు. ఖర్చు కొంత ఎక్కువైనా మున్ముందు ప్రాసెసరు మార్చుకునే అవకాశం ఉన్నది.

రైజెన్ 5 5600జి (2021), రైజెన్ 5 8600జి (2024): ప్రస్తుతానికి గ్రాఫిక్స్ కార్డు కొనలేని విద్యార్థులకు ఉపయోగపడతాయి. వీటి గ్రాఫిక్స్ విభాగం ప్రధాన మెమొరీనే వాడుకుంటుంది కనుక, ఒకే 16 గిగాబైట్ల మెమొరీకి బదులు 8 గిగాబైట్లవి రెండు పెట్టడం వలన ఆటల వేగం గణనీయంగా పెరుగుతుంది.

వాడిన ప్రాసెసర్లు కొనేటప్పుడు

సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటర్ బజారులలోనూ, అంతర్జాలంలోనూ వాడిన విడిభాగాలు, వాటితో కూర్చిన కంప్యూటర్లు లభిస్తాయి. "ఐ7 ప్రాసెసరు, 16 జీబీ మెమొరీ" అన్న ప్రకటన చూసినప్పుడు అది ఏ తరపు ఐ7 అని తప్పక అడగాలి. పూర్తి సంఖ్య చెప్పనివారి వద్ద కొనకపోవడమే క్షేమం. 2021లో విడుదలైన విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం, రైజెన్ 2000 శ్రేణి మొదలుకొని వచ్చిన ప్రాసెసర్లకే వర్తిస్తుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాలరెంట్ వంటి ఆటలు విండోస్ 11పై నడవడానికి టీపీఎం 2.0 సౌకర్యాన్ని కోరతాయి. కనుక మరీ పాత ప్రాసెసరు ధర ఎంత తక్కువైనా లాభం ఉండకపోవచ్చును.

ఏఎం4 ప్రాసెసర్లకు సూదులు ప్రాసెసరు అడుగున, ఇంటెల్ రకానికి మదర్‌బోర్డు సాకెట్టులో ఉంటాయి. వంగినవి, విరిగినవి ఉన్నవేమో చూడాలి. కొత్తవాటిలో కంపెనీ పెట్టెతో వచ్చే వాటికి సాధారణంగా మూడేళ్ల హామీ ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మే వాటికి హామీ ఎవరిస్తారో బిల్లుపై రాయించుకోవాలి.

వేడిమి

గాలితో చల్లబరిచే కూలరు ప్రాసెసరును గది ఉష్ణోగ్రతకంటె చల్లగా ఉంచలేదు. శీతాకాలంలో 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల వద్ద నిలిచిన ప్రాసెసరు, వేసవిలో 40 డిగ్రీల గదిలో 85 డిగ్రీలకు చేరువ కాగలదు. రైజెన్ 5 5600కు 90 డిగ్రీలు, కోర్ ఐ3-12100ఎఫ్‌కు 100 డిగ్రీలు పరిమితి. ఆ హద్దు చేరినప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకుంటుంది. రామగుండం, రెంటచింతల వంటి ప్రాంతాలలో ఎండాకాలం ఆటలు నెమ్మదించడానికి ఇది ఒక కారణం కావచ్చును. 65 వాట్ల శ్రేణి ప్రాసెసరు, గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్ ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఎంపిక క్రమం

మొదట ఆడబోయే ఆటలను, మానిటరు రిజల్యూషనును రాసుకోవాలి. కౌంటర్ స్ట్రయిక్ 2, వాలరెంట్ వంటి పోటీ ఆటలను అధిక ఫ్రేములతో ఆడేవారికి ప్రాసెసరు ప్రాధాన్యం ఎక్కువ. కథాప్రధానమైన భారీ దృశ్యాల ఆటలకు గ్రాఫిక్స్ కార్డు ప్రాధాన్యం ఎక్కువ. రెండవ రకం ఆటలకు, ప్రాసెసరుపై పెట్టే సొమ్ముకు రెట్టింపు లేదా అంతకు మించి గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించడం పరిపాటి.

తరువాత ఆయా ఆటలలో, ఒకే గ్రాఫిక్స్ కార్డుతో వేర్వేరు ప్రాసెసర్లను పోల్చిన పరీక్షా ఫలితాలను చూడాలి. సగటు ఫ్రేములతోపాటు, అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్కను కూడా గమనించాలి. సగటు బాగున్నా ఈ లెక్క బాగా తక్కువైతే ఆట మధ్యమధ్య ఆగి ఆగి నడుస్తుంది. చివరిగా ప్రాసెసరు, బోర్డు, మెమొరీ మొత్తం ధరను లెక్కించాలి. రెండు ప్రాసెసర్ల మధ్య ఫ్రేముల భేదం స్వల్పమై, ఆ ధరల తేడాతో ఒక మెట్టు పైనున్న గ్రాఫిక్స్ కార్డు వచ్చేటట్లయితే, సాధారణంగా చవకైన ప్రాసెసరునే తీసుకోవడం ఉచితం.