ఎమ్మాయు దారిలో ఒక ఊరు

మన సంఘాల నుండి పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లినవారు టెల్ అవీవ్‌లో దిగి యెరూషలేముకు బస్సెక్కితే, దారిలో లాట్రూన్ అనే చోటు దాటుతారు. యెహోషువ దినాల్లో చంద్రుడు నిలిచిన అయ్యాలోను లోయ ఇక్కడిదే. లూకా 24లోని ఎమ్మాయు కూడా ఇదేనని ప్రాచీన సంఘంలో చాలామంది నమ్మారు. గైడు ఇవి తప్పక చెబుతాడు. పక్కన గుట్ట మీదున్న ఊరి సంగతి చెబితే చెబుతాడు, లేకపోతే లేదు. ఆ ఊరికి రెండు పేర్లు. హెబ్రీలో నెవే షాలోమ్, అంటే శాంతి నివాసం. యెషయా 32:18 నుండి తీసుకున్నారు. అరబ్బీలో వాహత్ అస్సలాం, శాంతి ఒయాసిస్సు.

యూదులు, అరబ్బులు కలిసి బ్రతకాలని కోరి కట్టుకున్న ఊరు అది. సగం కుటుంబాలు యూదులవి, సగం పాలస్తీనా అరబ్బులవి. అరబ్బుల్లో ముస్లింలూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. (అరబ్బు అంటే ముస్లిమే అనుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు.) ఈ ఆలోచన ఒక క్రైస్తవ సన్యాసిది. బ్రూనో హుస్సార్ 1911లో కైరోలో యూదు కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి, డొమినికన్ సభలో గురువయ్యాడు. 1953లో ఇశ్రాయేలుకు వచ్చి 1996లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. తాను యూదుడు, క్రైస్తవ గురువు, ఇశ్రాయేలు పౌరుడు, ఐగుప్తులో పెరిగినందున అరబ్బులకు దగ్గరివాడు, ఈ నాలుగూ నేనేనని చెప్పుకునేవాడు. లాట్రూన్ మఠంలోని సన్యాసులు తమ నేలలో కొంత కౌలుకిచ్చారు. నీళ్లు లేవు, కరెంటు లేదు. 1970ల చివరికి గాని కుటుంబాలు వచ్చి స్థిరపడలేదు.

ఆ నేల మామూలు నేల కాదు. 1948 యుద్ధంలో లాట్రూన్ కోసం జరిగిన పోరాటాల్లో ఎంతోమంది యూదు సైనికులు చనిపోయారు. వారిలో కొందరు హిట్లర్ మారణకాండ తప్పించుకుని అప్పుడే ఓడ దిగినవారు. 1967లో ఇమ్వాస్ అనే అరబ్బు గ్రామాన్ని, దాని పక్కనున్న మరో రెండు గ్రామాలను సైన్యం ఖాళీ చేయించి ఇళ్లు కూల్చివేసింది. ఎమ్మాయు అని మనం ఫోటోలు దిగేది ఆ ఇమ్వాస్‌లోనే. ఒకే లోయలో ఇద్దరి దుఃఖమూ ఉంది.

మత సంభాషణ అంటే మన దగ్గర ఒక వేదిక, మూడు కుర్చీలు, మూడు శాలువాలు. అందరూ శాంతినే కోరుతున్నామని చెప్పి భోజనానికి లేస్తాం. యూదులకు, ముస్లింలకు కలిసే విషయాలు వెదకనక్కర లేదు: అబ్రాహాము, సున్నతి, ఉపవాసం, పంది మాంసం ముట్టకపోవడం, షాలోమ్ - సలామ్. అంతటితో ఆగితే సంభాషణ మొదలే కాలేదని ఆ ఊరు నేర్చుకుంది.

1979లో అక్కడ శాంతి పాఠశాల పెట్టారు. ఇరుపక్షాల యువకులను కూర్చోబెట్టి మాట్లాడించడం దాని పని. తొలి రోజుల్లో వ్యక్తిగత స్నేహం కుదిరితే చాలనుకున్నారు. స్నేహం కుదిరేది. కాని ఇంటికి వెళ్లాక 'నాకు తెలిసినవాడు మంచివాడే, వాళ్ల జనమే అలాంటిది' అనుకోవడానికి ఆ స్నేహం అడ్డు రాదు. అందుకని పద్ధతి మార్చారు. నేల, సైన్యం, అధికారం ఎవరివన్న ప్రశ్నలను దాచకుండా మధ్యలో పెట్టారు. ప్రతి కూడికను ఒక యూదుడు, ఒక అరబ్బు కలిసి నడిపిస్తారు. కొన్నిసార్లు రెండు గుంపులూ వేర్వేరు గదుల్లో తమలో తాము మాట్లాడుకుని మళ్లీ కలుస్తాయి.

చిక్కంతా భాష దగ్గర వచ్చింది. రెండు భాషల్లోనూ మాట్లాడవచ్చన్నారు. కాని అరబ్బులకు హెబ్రీ వచ్చు, యూదుల్లో ఎక్కువమందికి అరబ్బీ రాదు. కనుక మాట తనంతట తానే హెబ్రీలోకి జారిపోయేది. ఎవరైనా అరబ్బీలోనే మాట్లాడతానని పట్టుబడితే, అనువాదం కోసం ఆగాల్సిన వంతు యూదులకు వచ్చేది. గది వేడెక్కేది. ఇంగ్లీషులో సాగే కమిటీ మీటింగులో తెలుగు మాత్రమే వచ్చిన సంఘపెద్ద తలవంచుకు కూర్చోవడం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

ఊరిలోని బడి 1984 నుండి రెండు భాషల్లో నడుస్తోంది. ఇశ్రాయేలు స్వాతంత్ర్య దినం పాలస్తీనీయులకు నక్బా, ఊళ్లు పోగొట్టుకున్న దినం. పిల్లలు రెండూ వినాలి. పెద్దలకూ తప్పలేదు. 1997లో సైనిక హెలికాప్టర్ల ప్రమాదంలో 73 మంది చనిపోయారు. వారిలో ఆ ఊరి యూదు యువకుడొకడు. అతని పేరిట ఫలకం పెట్టాలని కుటుంబం అడిగింది. లెబనోను యుద్ధానికి వెళ్తున్న సైనికునికి మా ఊరిలో జ్ఞాపక చిహ్నమా అని అరబ్బు ఇరుగుపొరుగువారు బాధపడ్డారు. వారూ ఆ పిల్లవాణ్ణి ఎత్తుకు పెంచినవారే. వాదన చాలాకాలం సాగింది. చివరికి బాస్కెట్‌బాల్ మైదానం దగ్గర ఫలకం పెట్టారు. అందరికీ సమ్మతమై కాదు. అయినా కలిసే ఉన్నారు.

మన కూడికల్లో కొన్నిచోట్ల వేదిక మీద ఇశ్రాయేలు జెండా కనబడుతోంది. కీర్తన 122 ప్రకారం యెరూషలేము క్షేమం కోరడం మన ధర్మమే; ఆ పట్టణంలో ముస్లింలూ, మన అరబ్బు సహోదరులూ ఉన్నారని మరచి కోరడం ఏపాటి ప్రార్థనో కాపరులు ఆలోచించాలి. ఆదికాండము 25:9లో అబ్రాహామును పాతిపెట్టినది ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ. వారు అంతకుముందు రాజీపడినట్లు వాక్యంలో ఎక్కడా లేదు.

ఆ ఊరిలో అతిథి గృహం ఉంది. యాత్రలు సాగే రోజుల్లో బృందాన్ని తీసుకువెళ్లే కాపరులు ముందుగా రాస్తే, ఊరివారిలో ఒకరు కూర్చుని మాట్లాడతారు. లాట్రూన్ దగ్గర బస్సు ఎలాగూ ఆగుతుంది.