టేపులో ఎవరు వాయించారు? అభిమానుల లెక్కలో డేటా పాఠం

2009 నవంబరులో అమెరికాలోని శాంటా క్రూజ్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక ఉద్యోగ ప్రకటన ఇచ్చింది. పోస్టు పేరు 'గ్రేట్‌ఫుల్ డెడ్ ఆర్కైవిస్ట్'. లైబ్రరీ సైన్స్‌లో పీజీ గానీ దానికి సమానమైన చదువు గానీ ఉండాలి. దాంతోపాటు ఒక రాక్ బ్యాండ్ చరిత్ర క్షుణ్ణంగా తెలిసి ఉండాలి! పాటలు వినడానికి జీతమా అని చాలామంది నవ్వుకున్నారు. మరుసటి ఏడాది ఆ పోస్టు భర్తీ అయింది. 2012లో ఆ ఆర్కైవ్ యూనివర్సిటీ లైబ్రరీలో తెరుచుకుంది.

కరెక్టుగా చూస్తే అది పాటలు వినే ఉద్యోగం కాదు. కాగితాలు, ఫొటోలు, పోస్టర్లు, ఉత్తరాలు, రికార్డింగులు... ఏది ఎప్పటిదో, ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చి, వెతికితే దొరికేలా అమర్చే పని. ఆ పనిని ఆ బ్యాండ్ అభిమానులు అప్పటికే దశాబ్దాలుగా, పైసా జీతం లేకుండా చేస్తున్నారు. డేటా ఉద్యోగాల కోసం తిరుగుతున్న మనవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

13 ఆల్బమ్‌లు, 2,300 కచేరీలు

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అప్పుడు పుట్టిన సైకెడెలిక్ రాక్‌కు పెద్ద పేరు ఇదే. పాటను మధ్యలో వదిలేసి, గిటారూ డ్రమ్సూ ఎటు తీసుకెళ్తే అటు వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి రావడం ఈ సంగీతం పద్ధతి. మన కచేరీలో విద్వాంసుడు రాగం ఆలపిస్తూ ఎంతసేపు పాడతాడో ముందే చెప్పలేం కదా, అలాగన్నమాట. వీళ్ల 'డార్క్ స్టార్' 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969 నాటి 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు సాగింది.

అందుకే స్టూడియో ఆల్బమ్‌లు 13 మాత్రమే ఉన్నా అభిమానుల దృష్టంతా సుమారు 2,300 కచేరీల మీదే. ప్రతి రాత్రీ పాటల వరస వేరు, వాయింపు వేరు. డెడ్‌హెడ్స్ అని పిలిచే ఈ అభిమానులు టేప్ రికార్డర్లు మోసుకెళ్లి కచేరీలు రికార్డు చేసేవారు. బ్యాండ్ అడ్డుకోలేదు సరికదా, 1984 అక్టోబరులో బర్కిలీ కచేరీలో రికార్డు చేసుకునేవాళ్లకు విడిగా సీట్లు కేటాయించింది. షరతు ఒక్కటే: ఆ టేపులు అమ్ముకోకూడదు, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి.

ఇక్కడే చిక్కు మొదలైంది. టేపును కాపీ చేస్తే బుస శబ్దం పెరుగుతుంది. కాపీకి కాపీ చేస్తే ఇంకా పెరుగుతుంది. చేతులు మారేకొద్దీ పెట్టె మీద రాసిన తేదీ చెదిరిపోతుంది, ఒక్కోసారి తప్పు తేదీ అంటుకుంటుంది. చేతిలో వేల టేపులున్నాయి, లేబుళ్లు మాత్రం నమ్మకం లేనివి. ఈ మాట కొంచెం మార్చి చెబితే ఏ కంపెనీ డేటా టీమ్ అయినా తలూపుతుంది.

సభ్యుల జాబితాయే పరీక్ష

తప్పు లేబుల్‌ను పట్టుకోవడానికి అభిమానులకు ఉపయోగపడిన పనిముట్లలో ఒకటి బ్యాండ్‌లో ఎవరు ఎప్పుడున్నారన్న లెక్క.

మొదట కీబోర్డు దగ్గర కూర్చున్నది పిగ్‌పెన్ అని పిలిచే రాన్ మెక్‌కెర్నన్. 1968 చివర్లో టామ్ కాన్‌స్టాంటెన్ తోడయ్యాడు, 1970 మొదట్లో వెళ్లిపోయాడు. 1971 అక్టోబరులో కీత్ గాడ్‌షా వచ్చాడు. పిగ్‌పెన్ 1973 మార్చిలో చనిపోయాడు. కీత్, గాయని అయిన ఆయన భార్య డోనా జీన్ 1979 ఫిబ్రవరిలో బ్యాండ్ వదిలారు. ఏప్రిల్‌లో బ్రెంట్ మిడ్‌లాండ్ చేరాడు, 1990 జులైలో కన్నుమూశాడు. సెప్టెంబరులో విన్స్ వెల్నిక్ వచ్చాడు. కొంతకాలం అతని పక్కనే బ్రూస్ హార్న్స్‌బీ కూడా వాయించాడు. 1995 ఆగస్టులో ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా మరణంతో బ్యాండ్ కథ ముగిసింది.

ఇక డ్రమ్స్. బిల్ క్రూట్జ్‌మన్ మొదటి నుంచీ ఉన్నాడు. రెండో డ్రమ్మర్ మిక్కీ హార్ట్ 1967లో చేరి, 1971 ఫిబ్రవరిలో వెళ్లి, 1974 అక్టోబరులో తిరిగొచ్చాడు.

ఇప్పుడు ఒక టేపు మీద '1972' అని ఉందనుకుందాం. వింటే రెండు డ్రమ్ సెట్లు స్పష్టంగా వినిపిస్తున్నాయి. లేబుల్ మీద అనుమానం రావాల్సిందే. '1980' అని రాసి ఉన్న టేపులో డోనా జీన్ గొంతు వినిపించినా అంతే. డేటా భాషలో దీన్ని వ్యాలిడేషన్ రూల్ అంటాం. ఉద్యోగి చేరిన తేదీకి ముందే అతనికి జీతం పడితే సిస్టమ్ ఎర్రజెండా ఎత్తుతుంది కదా, ఇదీ అదే.

అయితే డోనా గొంతు వినిపించనంత మాత్రాన ఆ టేపు ఆమె లేని కాలానిదని చెప్పలేం. ఆ రోజు ఆమె రాకపోయి ఉండొచ్చు, మైకు పనిచేయకపోయి ఉండొచ్చు. ఉన్నది కనిపిస్తే అది సాక్ష్యం. కనిపించకపోతే అది అనుమానం మాత్రమే. ఈ తేడా తెలిసినవాళ్లు డేటా ఎనలిస్టులుగా ఎక్కడైనా నిలబడతారు.

ఆధారం లేని ఫైలుకు విలువ లేదు

కాలం డిజిటల్‌కు మారాక అభిమానులు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. శబ్దంలో కొంత భాగాన్ని వదిలేసే ఎంపీ3లో పంచుకోకూడదు, ఏమీ పోగొట్టని ఫ్లాక్ లాంటి ఫార్మాట్లోనే పంచుకోవాలి. ఫోల్డర్ పేరులో బ్యాండ్ పొడి అక్షరాలు, ఏడాది, నెల, తేదీ అదే వరసలో ఉండాలి. అలా పెడితే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. తోడుగా ఒక టెక్స్ట్ ఫైలు ఉండాలి. ఏ మైకు, ఏ రికార్డరు, ఏ టేపు నుంచి ఎవరు కంప్యూటర్‌కు ఎక్కించారు, మధ్యలో ఏం మార్చారు... అంతా అందులో రాయాలి. దీన్ని వాళ్లు లీనియేజ్ అంటారు. కంపెనీల్లో 'డేటా లీనియేజ్' అన్న పేరుతో వినిపించేది అచ్చంగా ఇదే.

ఆత్రేయపురం వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మన పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుచి ఒక్కటే కాదు, ఎక్కడ, ఏ పద్ధతిలో తయారైందన్న ఆధారం కూడా కాగితం మీద ఉంటేనే ఆ గుర్తింపు దక్కుతుంది. టేపుకైనా, రేకుకైనా పుట్టుక వివరమే విలువ పెంచేది.

ఇంకో కట్టుబాటు చెక్‌సమ్. ప్రతి ఫైలుకూ ఎండీ5 అనే లెక్కతో 32 అక్షరాల గుర్తు తయారు చేసి పక్కన పెడతారు. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ గుర్తు మారిపోతుంది. అవతలివాళ్లు దించుకున్నాక మళ్లీ లెక్కకట్టి సరిపోల్చుకుంటారు. భద్రత అవసరాలకు ఎండీ5 ఇప్పుడు పనికిరాదు, ఎస్‌హెచ్‌ఏ-256 లాంటివి వాడతారు. పద్ధతి మాత్రం అదే. ఇంజినీరింగ్‌లో 'హ్యాషింగ్' చాప్టర్‌ను మార్కుల కోసం బట్టీ పట్టినవాళ్లకు దాని అసలు వాడకం ఇక్కడ తెలుస్తుంది.

ఈ శ్రద్ధ వృథా పోలేదు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో జరిగిన కచేరీని బ్యాండ్ సౌండ్ ఇంజినీర్ బెట్టీ కాంటర్-జాక్సన్ రికార్డు చేశారు. ఆల్బమ్‌గా రాకముందే అది అభిమానుల చేతుల మీదుగా పేరు తెచ్చుకుని, 2011 సంవత్సరానికి అమెరికా నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చోటు సంపాదించింది. అధికారికంగా విడుదలైంది మాత్రం 2017లో, నలభై ఏళ్ల తర్వాత.

టేపులు పోగేసుకునే అభిమాని డిక్ లాట్వాలా సంగతి ఇంకా ఆసక్తికరం. ఏ రాత్రి కచేరీ ఎలా ఉందో నోటు పుస్తకాల్లో రాసుకుంటూ ఉండేవాడు. చివరికి బ్యాండే అతన్ని తమ టేపుల గదికి బాధ్యుడిగా పెట్టుకుంది. 1993 నుంచి అతను ఎంపిక చేసిన కచేరీలు 'డిక్స్ పిక్స్' పేరుతో వచ్చాయి. 1999లో అతను మరణించాక కూడా సాగిన ఆ వరస 36 సంపుటాలకు చేరింది.

మన పడక సీను, మన రాయబారం

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోవద్దు. గోదావరి జిల్లాల్లో పద్యనాటకం రాజ్యమేలిన రోజుల్లో 'కాంట్రాక్టు నాటకాలు' ఉండేవి. వేర్వేరు ఊళ్ల పేరున్న నటుల్ని ఒక్క రాత్రికి కుదుర్చుకుని 'కురుక్షేత్రం' ఆడించేవారు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు! పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ల కృష్ణ పాత్రకు ఎవరి అభిమానులు వాళ్లకుండేవారు. ఎవరు ఏ పద్యానికి ఎంత రాగం తీశారో చెప్పగల పెద్దలు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు.

పద్యాలు ముందు గ్రామఫోన్ రికార్డుల్లో, తర్వాత క్యాసెట్లలో వచ్చాయి. ఇళ్లలో సొంతంగా రికార్డు చేసుకున్నవీ ఉన్నాయి. అయస్కాంత టేపు ఎల్లకాలం ఉండదు. తేమకు బూజు పడుతుంది, పూత రాలిపోతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టే తాతయ్య వెళ్లిపోతే, టేపు మిగిలినా అది ఎవరి పద్యమో చెప్పేవాళ్లుండరు.

రెజ్యూమేలో ఏం రాయాలి?

అటెండెన్స్ మేనేజ్‌మెంట్, సినిమా రికమండేషన్, ఇళ్ల ధరల అంచనా... రెజ్యూమేల్లో ఎక్కువగా కనిపించే ప్రాజెక్టులు ఇవే. తప్పులేదు గానీ, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కొత్తగా అడగడానికి ఏమీ దొరకదు. డెడ్‌హెడ్స్ పద్ధతిలో ఒక చిన్న ప్రాజెక్టు ఇలా చేయొచ్చు.

మొదట, మనుషులు మారుతూ వచ్చిన ఒక బృందాన్ని ఎంచుకోండి. రాక్ బ్యాండ్ కావచ్చు, నాటక సమాజం కావచ్చు, మీ ఊరి కోలాట బృందమైనా సరే. బ్యాండ్ల వివరాలకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. దాని ప్రధాన డేటాను ఎవరైనా వాడుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల కచేరీల వివరాలు ప్రోగ్రామ్ ద్వారా తెచ్చుకునేలా ఉన్నాయి.

రెండోది టేబుళ్లు. వ్యక్తులు, సభ్యత్వ కాలాలు, కార్యక్రమాలు, రికార్డింగులు, ఆధారాలు... ఈ అయిదూ చాలు. చేరిన తేదీ, వెళ్లిన తేదీ అని వ్యక్తుల టేబుల్లోనే రెండు కాలమ్స్ పెట్టాలనిపిస్తుంది. మిక్కీ హార్ట్ వెళ్లి మళ్లీ వచ్చాడు కాబట్టి ఆ డిజైన్ అక్కడే కూలిపోతుంది. 'ఒక వాయిద్యానికి ఒక్కరే' అని నిబంధన పెడితే వెల్నిక్, హార్న్స్‌బీ ఇద్దరూ కీబోర్డు దగ్గర కూర్చున్న కాలం దాన్ని విరగ్గొడుతుంది. నార్మలైజేషన్ ఎందుకో పుస్తకం కన్నా ఇది బాగా నేర్పుతుంది.

మూడోది తనిఖీ. తేదీకీ సభ్యుల జాబితాకూ పొంతన కుదరని రికార్డింగులన్నీ చూపించే ఎస్‌క్యూఎల్ క్వెరీ రాయండి. వచ్చిన వాటిని వెంటనే చెరిపేయకండి. అతిథిగా వచ్చి వాయించినవాళ్లూ ఉంటారు. రూల్ పని అనుమానించడం వరకే, తీర్పు మనిషిదే.

నాలుగోది, ప్రతి వివరం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత నమ్మొచ్చో రాసే కాలమ్ ఒకటి పెట్టండి. 'తాతయ్య చెప్పారు', 'క్యాసెట్ కవర్ మీద ఉంది', 'రెండూ కలిశాయి' అని రాసినా చాలు. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అన్నిటికన్నా బలమైన అంశం ఇదే.

హక్కుల విషయం మర్చిపోవద్దు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు ప్రచురణ తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. ప్రదర్శకులకూ విడిగా హక్కులున్నాయి. కాబట్టి వివరాల పట్టిక బయట పెట్టండి. అనుమతి లేని ఆడియో ఎక్కించకండి. గ్రేట్‌ఫుల్ డెడ్ కూడా 2005లో తమ సౌండ్‌బోర్డు రికార్డింగులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వినడానికే పరిమితం చేసింది, డౌన్‌లోడ్‌కు వీల్లేదంది.

దారులు ఎటు?

ఈ ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. శాంటా క్రూజ్ ప్రకటన కూడా అభిమానంతో పాటు చదువు అడిగింది. కానీ డేటా క్వాలిటీ ఎనలిస్ట్, డేటా స్టీవార్డ్, మెటాడేటా ఎడిటర్, డిజిటల్ ఆర్కైవిస్ట్ లాంటి పోస్టులకు కావాల్సిన చూపు దీంతో అలవడుతుంది. పాటల యాప్‌లు, మ్యూజిక్ లేబుళ్లలో ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఉంటుంది. అది తప్పయితే గాయకుడికి వెళ్లాల్సిన డబ్బు దారి తప్పుతుంది. బీఎస్సీ, బీకాం, బీఏ వాళ్లు లైబ్రరీ సైన్స్ వైపూ చూడొచ్చు. ఆంధ్ర యూనివర్సిటీలో, దూరవిద్యలో ఇగ్నోలో ఆ కోర్సులున్నాయి. పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్, ప్రసార భారతి ఆర్కైవ్స్, గురుగ్రామ్‌లోని ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ ఇలాంటి పని చేసే సంస్థలే. వాటి వెబ్‌సైట్లు అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి.

ప్లేస్‌మెంట్ సీజన్‌కు ఇంకా టైముంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో అటక మీదో, పక్కింటి మామ్మగారి బీరువాలోనో క్యాసెట్లుంటే దించండి. వాయించే ముందు కవర్‌కు రెండు వైపులా ఫొటో తీయండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇది ఎవరి గొంతో, ఏ ఊళ్లో, ఏ ఏడాదో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. ఇరవై వరసలయ్యేసరికి రెండు తేదీలు పొంతన కుదరవు. ప్రాజెక్టు అక్కడ మొదలవుతుంది.