పరాయి గూట్లో ఫోటోషాప్

శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపుల్లో ఈమధ్య ఒకే ప్రశ్న వినిపిస్తోంది: "సిస్టమ్ బాగానే ఉంది, కానీ విండోస్ 11 ఎక్కట్లేదు. ఏం చెయ్యమంటారు?" విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్తదానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దానికి తగ్గ ప్రాసెసరు ఉండాలి. పదేళ్ల కిందట కొన్న పెట్టెలో చాలావరకు అవి ఉండవు. లినక్స్ వేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు, పాత పెట్టె మీద కూడా చురుగ్గా నడుస్తుంది అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సలహా మంచిదే. ఆ వెంటనే ఆపరేటర్ అడిగే మాట కూడా సబబైనదే: "మరి నా ఫోటోషాప్? నా పేజ్‌మేకర్?"

దీనికి నడుస్తుందనో నడవదనో ఒక్క ముక్కలో తేల్చి చెప్పేవాళ్లను నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పాలంటే ఒక ప్రోగ్రాము లోపల ఏముంటుందో కాస్త విప్పి చూడాలి.

ఫోటోషాప్ తనంతట తాను చేసుకునే పని ఎంతో, అడిగి చేయించుకునే పని కూడా అంతే. పెళ్లికూతురి ఫొటోలో వెలుతురు పెంచమంటే ఒక్కో చుక్క రంగు విలువను తీసుకుని లెక్క కట్టి మారుస్తుంది. ఈ లెక్క ప్రాసెసరుతో నేరుగా మాట్లాడే భాషలో ఉంటుంది. కానీ ఆ ఫొటోను డిస్కు మీద నుంచి తేవాలన్నా, తెర మీద కిటికీ తెరవాలన్నా, మౌసు ఎక్కడ నొక్కారో తెలియాలన్నా, ప్రింటరుకు పంపాలన్నా తన చేతిలో లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఆ అడిగే పద్ధతి విండోస్‌కి ఒకటి, మ్యాక్‌కి ఒకటి, లినక్స్‌కి మరొకటి. అంటే ప్రోగ్రాము ఇల్లు మారాలంటే రెండు గోడలు దాటాలి. ఒకటి ప్రాసెసరు భాష, రెండోది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే తీరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే సగం గందరగోళం.

మొదటి గోడను యాపిల్ మూడుసార్లు దాటించింది. 1994లో మోటరోలా 68000 వంశం నుంచి పవర్‌పీసీకి, 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి, 2020 నవంబరులో ఇంటెల్ నుంచి సొంత ఎం1 చిప్పుకి మారింది. మారిన ప్రతిసారీ పాత ప్రోగ్రాములకు కొత్త ప్రాసెసరు భాష రాదు. 2006లో రోసెట్టా, 2020లో రోసెట్టా 2 అనే అనువాదక ప్రోగ్రాములు మధ్యలో కూర్చుని పాత ఆజ్ఞలను కొత్త భాషలోకి మార్చి నడిపించాయి. ఎం1 కోసమే తయారైన ఫోటోషాప్ 2021 మార్చిలో వచ్చింది. అప్పటిదాకా ఆ మ్యాకుల మీద నడిచింది ఇంటెల్ కోసం రాసిన ఫోటోషాపే. ఇక్కడ గోడ కట్టినవాళ్లే తలుపు కూడా పెట్టారు కాబట్టి వాడేవాళ్లకు పెద్దగా తెలియలేదు.

డీటీపీ షాపులోని పెట్టె సంగతి వేరు. విండోస్ తీసి లినక్స్ వేసినా లోపల ఉన్నది అదే ఇంటెల్ ప్రాసెసరు. ఫోటోషాప్ లెక్కలు దానికి ఇప్పుడూ అర్థమవుతాయి. అనువాదం అక్కర్లేదు. ప్రోగ్రాము అడిగినప్పుడు విండోస్‌లా బదులిచ్చేవాళ్లు ఒకరు ఉంటే చాలు.

ఆ బదులిచ్చే సాఫ్ట్‌వేర్ పేరు వైన్. 1993లో మొదలైంది. 1994 నుంచి అలెగ్జాండర్ జులియార్డ్ దాన్ని నడిపిస్తున్నారు. "వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్" అన్న మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. మరో యంత్రాన్ని అనుకరించదు, విండోస్ చెయ్యాల్సిన పనిని లినక్స్ చేత చేయిస్తుంది అని దాని భావం.

ఎలా చేయిస్తుందో ఒక ఫైలు తెరిచే దగ్గర నిలబడి చూద్దాం. విండోస్ ప్రోగ్రాము ఫైలు ఏదైనా మొదటి రెండు అక్షరాలు ఎం, జెడ్. డాస్ కాలంలో ఆ ఫైలు పద్ధతిని రూపొందించిన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. లినక్స్ సొంత ప్రోగ్రాములకు ఇంకో రకం గుర్తు ఉంటుంది కాబట్టి ఈ ఫైలును లినక్స్ తనది అనుకోదు. వైన్ ముందుకొచ్చి దాన్ని చదివి, మెమరీలో పరిచి, తనకు ఫలానా ఫలానా సేవలు కావాలని ప్రోగ్రాము రాసుకున్న జాబితా చూస్తుంది. కిటికీల పనికి యూజర్32, బొమ్మ గీసే పనికి జీడీఐ32, ఫైళ్లకు కెర్నెల్32 ఇలా ఉంటుంది ఆ జాబితా. వాటి స్థానంలో అవే పేర్లతో తాను రాసుకున్నవాటిని పెడుతుంది. ఇప్పుడు ఫోటోషాప్ "సి డ్రైవులో ఉన్న పెళ్లి ఫైలు తెరువు" అంటుంది. లినక్స్‌లో సి డ్రైవు అనేదే లేదు. మీ హోమ్ ఫోల్డరులో కనపడకుండా ఉన్న ఒక ఫోల్డరునే వైన్ సి డ్రైవుగా చూపిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. విండోస్‌కి ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టదు, ఫైలు పేరు ఎలా రాసినా ఒకటే. లినక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. అందుకని వైన్ ఆ ఫోల్డరంతా వెతికి, పేరు కలిసిన ఫైలును పట్టుకుని ఇవ్వాలి. ఇంత తతంగం జరిగినా ఫోటోషాప్‌కు తెలిసేది ఒక్కటే, అడిగిన ఫైలు వచ్చింది.

ఇలాంటి ప్రశ్నలు వేలల్లో ఉంటాయి. ప్రతిదానికీ జవాబు ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. అదీ మైక్రోసాఫ్ట్ రాసిన అసలు కోడు చూడకుండా రాయాలి, చూస్తే కాపీ హక్కుల చిక్కు వస్తుంది. కాబట్టి చిన్న చిన్న పరీక్ష ప్రోగ్రాములు రాసి, నిజమైన విండోస్ మీద నడిపి, అది ఏం బదులిస్తుందో చూసి, అదే బదులు వైన్ చేత ఇప్పిస్తారు. విండోస్ తప్పు జవాబు ఇచ్చే చోట వైన్ కూడా అదే తప్పు జవాబు ఇవ్వాలి. ఆ తప్పుకు అలవాటుపడిన ప్రోగ్రాము ఎక్కడో ఒకటి ఉంటుంది, సరిచేస్తే అది ఆగిపోతుంది. వైన్ 1.0 రావడానికి 1993 నుంచి 2008 జూన్ వరకు 15 ఏళ్లు పట్టిందంటే ఆశ్చర్యం లేదు. నన్నడిగితే ఓపికలో దీనికి సాటి వచ్చే సాఫ్ట్‌వేర్ పనులు బహు కొద్ది.

ఆ 1.0ను విడుదల చెయ్యడానికి పెట్టుకున్న షరతుల్లో ఫోటోషాప్ సీఎస్2 నడవాలన్నది ఒకటి. అంతకుముందే సినిమా వాళ్లకు ఈ అవసరం తగిలింది. 1990లలో యానిమేషన్ స్టూడియోల్లో సిలికాన్ గ్రాఫిక్స్ వారి వర్క్‌స్టేషన్లు ఉండేవి, వాటి కోసం అడోబీయే ఫోటోషాప్ తయారుచేసి ఇచ్చేది, అది మూడో వెర్షన్‌తో ఆగింది. తర్వాత స్టూడియోలు చవకైన లినక్స్ యంత్రాలకు మళ్లాయి. చిత్రకారులకు ఫోటోషాప్ లేనిదే గడవదు. అందుకే 2003లో డిస్నీ, మరికొన్ని స్టూడియోలు వైన్ మీద వ్యాపారం చేసే కోడ్‌వీవర్స్ సంస్థకు డబ్బిచ్చి ఫోటోషాప్ 7ను లినక్స్ మీద నడిపించుకున్నాయి. సీఎస్, సీఎస్2ల కోసం తామూ అదే సంస్థకు డబ్బిచ్చామని గూగుల్ 2008లో చెప్పింది. ఎవరో ఖర్చు భరించి చేయించిన ఆ పని ఫలితం వైన్‌లో చేరి, ఈరోజు ఊళ్లో ఫ్లెక్సీ షాపు వాడికీ ఉచితంగా అందుతోంది. ఈ విషయం చెప్పుకోవడం నాకు ఇష్టం.

గ్రాఫిక్స్ ప్రోగ్రాములు మిగతావాటికన్నా మొండివి. లెక్కల పుస్తకం లాంటి ప్రోగ్రాముకు కిటికీ, ఫైలు, ప్రింటరు చాలు. ఫోటోషాప్ అంతటితో ఊరుకోదు. తెర రంగుల ప్రొఫైలు ఏమిటో అడుగుతుంది, లేకపోతే తెర మీద కుంకుమ రంగు ప్రెస్సులో ఇటుక రంగైపోతుంది. డ్రాయింగ్ టాబ్లెట్ మీద పెన్ను ఎంత గట్టిగా నొక్కారో అడుగుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో నేరుగా పని చేయించుకుంటుంది. వీటిలో ఏ ఒక్క జవాబు సగంలో ఉన్నా ప్రోగ్రాము తెరుచుకుంటుంది, పని మాత్రం సరిగా సాగదు. "నడుస్తోంది" అన్న మాటను అందుకే అనుమానించాలి. తెరుచుకోవడం వేరు, రోజుకి ఎనిమిది గంటలు దాని మీద కూలి గిట్టేలా పని చెయ్యడం వేరు.

2013లో అడోబీ చందా పద్ధతికి, అంటే క్రియేటివ్ క్లౌడ్‌కి మారాక ఇంకో అడ్డంకి వచ్చిపడింది. ఇప్పుడు ముందుగా వచ్చేది ఫోటోషాప్ కాదు, దాన్ని దింపే ఇన్‌స్టాలరు. అది విండోస్ లోపలి వెబ్ పేజీలు చూపించే భాగాల మీద ఆధారపడుతుంది, ఖాతా అడుగుతుంది, చందా సరిచూస్తుంది. గుమ్మంలోనే ఇన్ని తనిఖీలున్నప్పుడు చాలామంది ఇంట్లోకి అడుగు పెట్టకముందే ఆగిపోతారు. కాబట్టి నా లెక్క ఇది: ఎప్పుడో డబ్బు పెట్టి కొన్న పాత వెర్షన్ సీడీ ఉంటే వైన్ మీద తప్పక ప్రయత్నించండి. తాజా ఫోటోషాప్ మీదే రోజూ అన్నం తినేవాళ్లు వైన్‌ను నమ్ముకుని మంగళవారం ముహూర్తం శుభలేఖలు ఒప్పుకోవద్దు. వాళ్లకు విండోస్ ఉన్న యంత్రమే మేలు. లినక్స్ లోపలే వర్చువల్‌బాక్స్ లాంటిదానితో ఒక నకిలీ కంప్యూటరు సృష్టించి దానిలో పూర్తి విండోస్ వేసుకోవచ్చు కూడా, కానీ దానికి విండోస్ లైసెన్సు కావాలి, మెమరీ దండిగా ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు బలం పూర్తిగా లోపలికి అందదు. లైసెన్సు లేని కాపీ ఏ గూట్లో నడిపినా లైసెన్సు లేని కాపీయే.

ఇక పేజ్‌మేకర్. తెలుగు వాళ్లకు అసలు ముడి ఇక్కడుంది.

పేజ్‌మేకర్ పుట్టుకతో విండోస్‌ది కాదు. ఆల్డస్ సంస్థ 1985లో మ్యాక్ కోసం తెచ్చింది, 1987లో విండోస్‌కి వచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కలుపుకుంది. 2001లో వచ్చిన 7.0తో దాని కథ ముగిసింది. కానీ మన పుస్తకాల పని దాని మీద, ‘అను’ అనే తెలుగు ఫాంట్ల మీద ఏళ్ల తరబడి నడిచింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకని ఆ రోజుల్లో ఫాంట్లు చేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు: తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తులు మరోచోట. మీరు "కై" అని కొడితే ఫైలులో దాగేది "కై" కాదు. క ఆకారం, పైన ఎత్వం ముక్క, కింద వేలాడే ముక్క, ఇలా దాగుతుంది. యూనికోడ్‌లో అయితే ఐత్వానికి ఒకే సంకేతం సరిపోతుంది. "స్త్రీ"కి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వాటిని కూర్చి ఒకే అక్షరంగా గీసే పని ఫాంటుది, దాన్ని నడిపే షేపింగ్ ఇంజనుది.

అందువల్ల వైన్ మీద పేజ్‌మేకర్ కిటికీ చక్కగా తెరుచుకున్నా పని సగమే అయినట్టు. ఫాంటు లేకపోతే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇంకా సున్నితమైనది. మీరు నొక్కిన మీటను దారిలోనే అందుకుని తెలుగు ముక్కగా మార్చి ప్రోగ్రాముకు ఇవ్వడం దాని పని. వైన్‌లో అలా దారికాయడం వైన్ కిటికీల వరకే సాగుతుంది, లినక్స్ సొంత ప్రోగ్రాముల మీటలు దానికి అందవు.

ఇక్కడ నేను ప్రోగ్రామును మోసుకెళ్లమని చెప్పను, ఫైళ్లను మోసుకెళ్లమంటాను. లిబ్రేఆఫీస్ డ్రా 2015 నాటి 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పేజీలు కూర్చడానికి లినక్స్ సొంతదైన స్క్రైబస్ ఉంది. వత్తులు, గుణింతాలు సరిగా కూర్చే శక్తి 2017 నాటి 1.5.3 ప్రయోగ వెర్షన్‌లో దానికి వచ్చింది, 2024 మొదట్లో 1.6తో అందరికీ స్థిరంగా అందింది. ఫొటోల పనికి 1995 నుంచి పెరుగుతూ వచ్చిన గింప్ ఉంది. గింప్ ఫోటోషాప్ కాదు. చేతికి అలవాటైన షార్ట్‌కట్లు మారతాయి, మొదటి నెల విసుగొస్తుంది.

ఫైళ్లు మార్చే పని మొదలుపెట్టేవాళ్లు పాత యంత్రాన్ని అమ్మెయ్యకండి. ముందు దాని మీదే ప్రతి పుస్తకాన్నీ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి పక్కన పెట్టుకోండి. యూనికోడ్‌లోకి మార్చిన పాఠం పక్కనే ఆ పీడీఎఫ్ తెరిచి, అచ్చుతప్పులు చూసే మనిషిని కూర్చోబెట్టి, ముఖ్యంగా ఐత్వాలు, జంట వత్తులు ఉన్న పదాల దగ్గర ఆగి ఆగి చదివించండి. ఆకారాల వరుసను ఉచ్చారణ వరుసలోకి తిప్పేటప్పుడు కన్వర్టరు తడబడే అవకాశం ఎక్కువగా ఉండేది ముక్కలు ఎక్కువున్న ఆ అక్షరాల దగ్గరే.